రెండు గొట్టాల్లో ఒకటే ఎరుపు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. ఆ రోజు దవాఖానలో బాపుకు నేను చూపించిన రెండు గాజు గొట్టాల్లో ఉన్నది ఒకసారి తీసిన నెత్తురే. దాని మీది తేటను సగం సగం చేసి రెండింటిలో పోశాను. గంట తర్వాత తీసిన రెండో నెత్తురు తేట పాలిపోయి ఉంది, అది అలమారలో సీసాల వెనక ఉంది. దాచింది నేనే.

ఎందుకలా చేశానో చెప్పాలంటే మా ఇంటి పని గురించి చెప్పాలి.

మాది కరీంనగర్. మా వాడంతా నేతవాళ్లే. మగ్గం లేని ఇల్లు మాదొక్కటే. బాపు నూలుకు రంగు వేసేవాడు. మగ్గాలున్నవాళ్లు తెల్ల నూలును చిలపలుగా, అంటే పోగుల కట్టలుగా, మోసుకొచ్చి మా అరుగు మీద పడేసి పోయేవారు. హుజూరాబాద్ నుంచి, సుల్తానాబాద్ నుంచి కూడా ఎడ్లబండ్ల మీద మూటలు వచ్చేవి. పెరట్లో రెండు పెద్ద రాగి గంగాళాలు, వాటి కింద పొయ్యిలు, దండేల మీద ఆరే నూలు. నీలం వేసేవాడు, పసుపు వేసేవాడు, కాని బాపు పేరు చెప్తే అందరికీ గుర్తొచ్చేది ఎరుపు. చీర అంచులకు, తువ్వాలలకు, దుప్పట్లకు వేసే ఎరుపు. ఆ రంగుపొడి డబ్బాల్లో వచ్చేది. డబ్బా మీద ఇంగ్లీషులో కాంగో రెడ్ అని ఉండేది. నేను కూడబలుక్కుని చదివిన మొదటి ఇంగ్లీషు మాటలు అవే.

బాపు చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఎవరైనా చుట్టాలు వస్తే అవ్వ, అంటే మా అమ్మ, ఆ మాట ఎత్తకుండా ఉండేది కాదు.

"పెండ్లి నాడు తెర తీయంగనే చేతులే జూసిన. పిలగాడు గోరింటాకు మంచిగ పెట్టుకున్నడు, షోకు బాగున్నదనుకున్న. నెల దాటినా పోకపాయె. అప్పుడు తెల్సింది, నేను గోరింటాకును కాదు, గంగాళాన్ని చేసుకున్ననని."

బాపు ముసిముసిగా నవ్వుతూ పొయ్యిలో కట్టె ఎగదోసేవాడు.

ఆ ఎరుపుకు ఒక గుణం ఉంది. పులుపు తగిలితే నల్లనీలంగా మారుతుంది. కొత్త చీర అంచు మీద చింతపండు పులుసు పడిందని ఆడవాళ్లు తగువుకు వచ్చేవారు. "రంగు మంచిగనే ఉన్నది అక్కా, మీరే జర పైలంగ తినుండ్రి," అని పంపేవాడు బాపు.

నూలు ఎంత రంగు తాగిందో తెలుసుకోవడానికి బాపు నూలును చూసేవాడు కాదు. తడి నూలు ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది, దాన్ని నమ్మొద్దు అనేవాడు. నీళ్లను చూసేవాడు. నూలు ముంచకముందు ఒక గ్లాసు నీళ్లు తీసి కిటికీలో పెట్టాలి. గంట ఉడికాక ఇంకో గ్లాసు తీసి దాని పక్కన పెట్టాలి. రెండో గ్లాసు పాలిపోయి ఉంటే నూలు తాగినట్టు. ఎర్రగానే ఉంటే తాగలేదన్నట్టు, ఇంకొంచెం ఉప్పు వేయాలి. ఆ గ్లాసులు ముంచే పని నాది. ఎనిమిదో ఏట నుంచి నేనే చేశాను.

నాకు చదువు పిచ్చి ఉండేది. ఎవరికీ తెలియనిచ్చేదాన్ని కాదు. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాన్ని నూలు మూట కింద పెట్టి, కట్టెల మోపు వెనక కూర్చుని చదివేదాన్ని. ఒకసారి, పదేళ్లప్పుడు, కథ మంచి పట్టు మీద ఉంది. గంటకు మళ్లీ లేవాల్సి వస్తుందని మొదట్లోనే రెండు గ్లాసులూ ముంచి కిటికీలో పెట్టేసి పోయి కూర్చున్నాను. బాపు వచ్చి రెండు గ్లాసులను ఎండకు ఎత్తి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఒక్క నీళ్లే రెండు గ్లాసులల్ల పోసినవు," అన్నాడు.

"లేదు బాపూ, గంట అయినంకనే తీసిన. నూలు తాగలేదేమో."

"తాగకున్నా గంట ఉడికిన నీళ్లు జర్రంత మారుతయి బిడ్డా. గిట్ల అచ్చు గుద్దినట్టు ఉండయి. నువ్వు జర తక్కువ జేసి పెడితే నేను మోసపోతుంటి."

నేను తల వంచుకున్నాను. కొడతాడనుకున్నాను. బాపు వంగి, మోపు వెనక బోర్లించిన పుస్తకాన్ని చూశాడు. "చదువుకుంటున్న అంటే అయిపాయె గదా. నేనే ముంచుకుందు," అన్నాడు. అవ్వకు చెప్పలేదు. ఆ తర్వాత నేను కట్టెల వెనక కనిపిస్తే గ్లాసులు తనే ముంచుకునేవాడు.

నాకు పన్నెండేళ్లప్పుడు బాపుకు దగ్గు జబ్బు, అంటే క్షయ, వచ్చింది. ఏడాదిన్నర సూదులు, గోళీలు. మనిషి సగమై లేచాడు. మళ్లీ గంగాళం దగ్గర నిలబడ్డాడు. అందరం గండం గడిచిందనుకున్నాం. నేను మెట్రిక్ పాసై, ఏడాది శిక్షణ పొంది, మా ఊళ్లోనే ఒక దవాఖానలో నెత్తురు, కఫం, మూత్రం పరీక్ష చేసే పనిలో చేరాను. నాలాంటిదానికి సరైన పనే. మనుషులతో మాట్లాడే అవసరం తక్కువ. వాడలో ఎవరైనా నా పని ఏమిటని అడిగితే బాపే జవాబు చెప్పేవాడు.

"మా బిడ్డ గూడ రంగుల పనే జేస్తది. దగ్గు పురుగులకు ఎర్ర రంగు ఏసి, అద్దంల పట్టుకుంటది."

అందులో అబద్ధం లేదు. కఫాన్ని గాజుపలక మీద రాసి ఎర్ర రంగు పోసి కడిగితే, ఆ పురుగులు మాత్రం రంగును వదలవు. అది మొదటిసారి చెప్పినప్పుడు బాపు "అవిటికి ఉప్పెయ్యకుంటనే పట్టుకుంటదా?" అని అడిగాడు.

నాకు ఇరవై రెండో ఏడు నడుస్తుండగా బాపు కాళ్లు వాయడం మొదలైంది. పొద్దున మొహం ఉబ్బేది. మూత్రం నురగ కట్టేది. నేనే సీసాలో పట్టి, గొట్టంలో పోసి దీపం మీద వేడి చేశాను. పెరుగులాగా తెల్లగా గడ్డకట్టింది. అంత దట్టంగా ఎవరిదీ చూడలేదు. మూత్రపిండాలు చెడ్డాయని దానర్థం.

మా దవాఖానకు అప్పుడే కృష్ణా జిల్లా నుంచి ఒక డాక్టరుగారు వచ్చారు. వయసు చిన్నదే. పుస్తకాలు తెప్పించుకుని చదివేవారు. బాపును పరీక్షించి, పాత దగ్గు జబ్బు గురించి అడిగి, ఒక పరీక్ష చేద్దామన్నారు. బల్ల మీద చిన్న సీసా పెట్టారు. దాని మీది చీటీ చదివాను. మా పెరట్లో డబ్బాల మీద ఉండే పేరే.

"ఏం రంగు సారూ అది?" అన్నాడు బాపు.

"కాంగో రెడ్ అంటారు పెద్దాయనా. దీన్ని నరంలోకి ఎక్కిస్తాం."

బాపు సీసాను తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. మొహం విప్పారింది. "గిదా. గిది నేను ముప్పై ఏండ్ల సంది ఉడ్కబెడుతున్న సారూ. దీంట్ల ఉప్పు ఏసిన్రా మరి? ఉప్పు లేకుంటే మంచిగ పట్టదు."

డాక్టరుగారు నవ్వారు. "నీ నెత్తుర్లో ఉప్పు ఉందిలేవయ్యా."

ఆయన విడమరిచి చెప్పారు. పాత జబ్బు ఏళ్ల తరబడి లోపల ఉంటే కొందరికి మూత్రపిండాల్లో, కాలేయంలో ఒక పదార్థం పేరుకుంటుందట. మామూలు సూక్ష్మదర్శినిలో అది మైనంలా కనిపిస్తుందట. ఈ మధ్యే వేరే దేశాల్లో పెద్ద యంత్రాల కింద చూస్తే సన్నటి సన్నటి పోగులుగా కనిపించిందట. నూలుకు వేసే ఈ రంగు ఆ పోగులకు కూడా పడుతుందట. రంగు ఎక్కించిన నాలుగు నిమిషాలకు ఒకసారి, గంట అయ్యాక ఇంకోసారి నెత్తురు తీసి చూస్తారు. మంచి ఒంట్లోనైతే గంటకు రంగు కొంచెమే తగ్గుతుంది. ఆ పోగులు ఉంటే చాలా తగ్గిపోతుంది.

"అంటే నెత్తురు గంగాళం, లోపటి పోగులు చిలప," అన్నాడు బాపు.

డాక్టరుగారు "అవును. అంతే," అన్నారు. ఆయన ఏదో ఇంగ్లీషు మాట వెతుక్కోవడం మానేసినట్టు అనిపించింది నాకు.

ఇంటికి వెళ్లి చెప్తే అవ్వకు కోపం వచ్చింది. "ఇన్నేండ్లు మీద పూసుకున్నది సాలలేదా, లోపట గూడ పోసుకుంటవా? పానం పోయినంక నిన్ను దండెం మీద ఆరేసుడే తక్కువ."

"రంగు మంచిగ పడితే ఆరెయ్యి. ఎండల మాత్రం ఎయ్యకు, ఎలుస్తది," అన్నాడు బాపు.

అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అదే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మరునాడు దవాఖానకు నడిచి వెళ్తుంటే బాపు దారిలో ఆగాడు. అప్పటికి పది అడుగులకోసారి ఆగుతున్నాడు.

"బిడ్డా, రెండు గొట్టాలు నాకు సూపియ్యి. డాక్టరు చెప్పేది నాకు సమజ్ గాదు. రంగైతే సమజ్ అయితది."

"సరే బాపూ."

"తగ్గిందనుకో, దినాలు తక్కువున్నట్టు. అప్పుడు కూసుండి నా రంగులన్ని చెప్త, నీ పుస్తకంల రాసుకో. నాకు రాసుడు రాదు, నీకు తెల్సు. తగ్గలేదనుకో, తొందర లేదు. పని జేసుకుంట నిమ్మళంగ చెప్త."

నా పుస్తకం అంటే డైరీ. కాగజ్‌నగర్ కాగితం మిల్లులో పనిచేసే మా మేనమామ ఏడాదికోసారి తెల్ల కాగితాల కట్ట తెచ్చేవాడు. బాపు దారంతో కుట్టి ఇచ్చేవాడు. కుట్టిన చోటల్లా ఎర్ర వేలిముద్రలు ఉండేవి. అందులో ఏం రాస్తున్నానో ఒక్కసారి కూడా అడగలేదు.

డాక్టరుగారే రంగు ఎక్కించారు. నాలుగు నిమిషాలకు నెత్తురు తీశాను. చేతితో తిప్పే యంత్రంలో పెట్టి తిప్పితే పైన తేట నిలిచింది. మా ఇంటి కిటికీలో మొదటి గ్లాసు ఎలా ఉండేదో అలా ఉంది, నిండు ఎరుపు. గంట గడిచింది. మళ్లీ తీశాను, తిప్పాను. యంత్రం ఆగేదాకా కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే ఉట్టి గడ్డిరంగు. దాని అడుగున ఉందా లేదా అన్నట్టు కొద్దిగా ఎరుపు.

డాక్టరుగారు మూత్రం కూడా చూశారు. రంగు అటు పోలేదు, లోపలి పోగులే తాగాయి. రెండు గొట్టాలను పక్కపక్కన పెట్టి చూసి కాగితం మీద రాసుకున్నారు. "దీనికి మందు లేదమ్మా," అన్నారు. "ఆయనకు ఇప్పుడే చెప్పకు. చెప్పి ఏం లాభం?"

నేను తల ఊపాను. ఆయన వెళ్లిపోయారు. బయట బల్ల మీద కూర్చున్న బాపు దగ్గు వినిపిస్తోంది. "ఏమాయె బిడ్డా, తెస్తున్నవా?" అని పిలిచాడు.

నాకు నోటితో అబద్ధం చెప్పడం రాదు. నిజం చెప్పడం కూడా ఆ రోజు రాలేదు. నోటి పని చేతులు చేశాయి. మొదటి తేటను సగం ఇంకో గొట్టంలోకి వంచాను. పాలిపోయినదాన్ని సీసాల వెనక పెట్టాను. మంచి ఒంట్లోనూ గంటకు రంగు కొంచెం తగ్గుతుందని ముందురోజే విన్నాను. పదేళ్లప్పుడు బాపు నోట కూడా విన్నాను. రెండో గొట్టంలో నాలుగు చుక్కల నీళ్లు కలిపితే సరిపోయేది. ఆ భయంలో గుర్తు రాలేదు.

బాపు రెండు గొట్టాలను రెండు చేతుల్లో పట్టుకుని కిటికీ వైపు ఎత్తాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎర్ర వేళ్ల మధ్య ఎర్ర గొట్టాలు. తర్వాత నా మొహం చూశాడు.

"రెండు ఒక్కతీరుగనే ఉన్నయి బాపూ," అన్నాను.

"అవు. ఒక్కతీరుగనే ఉన్నయి," అన్నాడు. గొట్టాలు జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు. "ఇగ ఫికర్ లేదన్నట్టు. నువ్వు పొద్దున బువ్వ తిన్నవా?"

తినలేదన్నాను. మూటలో తన కోసం తెచ్చుకున్న జొన్నరొట్టె తీసి నాకు పెట్టి, తినేదాకా పక్కనే కూర్చున్నాడు.

నెల తర్వాత హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. రంగు ఎక్కించే ముందే బాపు పంటి చిగురులోంచి గోరంత ముక్క తీసి డాక్టరుగారు అక్కడికి పంపించారు. అక్కడ దాన్ని పలచగా కోసి, అదే ఎరుపులో ముంచారట. ఎర్రగా పట్టుకుందట. ఒక ప్రత్యేకమైన వెలుతురులో తిప్పి చూస్తే ఆ ఎరుపే పచ్చగా మెరిసిందట. పచ్చి జామకాయ రంగులో. డాక్టరుగారు ఆ వాక్యాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించారు. అలా మెరిస్తే ఇక అనుమానం లేదట.

ముప్పై ఏళ్లు ఆ రంగుతో బతికినవాడికి, అది పచ్చగా మారుతుందని వింటే ఎంత సంతోషం కలిగేదో. పులుపు తగిలితే నీలమవుతుందని తెలుసు, కాని ఇది తెలియదు. ఎన్ని ప్రశ్నలు అడిగేవాడో. ఆ వెలుతురు ఎక్కడ దొరుకుతది, మన నూలు పెట్టినా మెరుస్తదా అని. అది చెప్పాలంటే ముక్క ఎవరిదో చెప్పాలి. చెప్పలేదు. డైరీలో ఆ రోజు ఒక్క వాక్యమే ఉంది: "ఎరుపు పచ్చగా కనిపించింది." కింద ఏమీ లేదు.

బాపు పని మానలేదు. కాళ్లకు చెప్పులు పట్టకపోతే గుడ్డ చుట్టుకుని గంగాళం దగ్గర నిలబడేవాడు. ఒకసారి రంగు కలుపుతూ, "బిడ్డా, నీ పుస్తకం తే," అన్నాడు. పరుగెత్తి తెచ్చాను. కలం తెరిచి కూర్చున్నాను. బాపు ఉప్పు పిడికిట్లో పట్టుకుని నా వైపు చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

"ఏం లేదు తియ్. మల్ల జూద్దాం," అన్నాడు. ఉప్పు నీళ్లలో వేశాడు. ఎంత వేశాడో నేను చూడలేదు. ఆయన మొహమే చూస్తున్నాను.

తర్వాత మంచం పట్టాడు. పెరట్లో దండేల కింద నీడలో మంచం వేయించుకున్నాడు. అవ్వ ఊరుకోలేక అడిగింది.

"గా ఎరుపు ఎట్ల చేస్తవో పిల్లకన్న చెప్పరాదు? నీ గుట్టు నువ్వే మూట గట్టుకపోతవా?"

"తొందరేమున్నది?" అన్నాడు బాపు దండెం వైపు చూస్తూ. "దినాలు మస్తుగున్నయి గదా. నీ బిడ్డనే పరీక్ష జేసింది."

అవ్వ నా వైపు తిరిగింది. నేను ఆరిన చిలపలు తీసే పనిలో పడ్డట్టు నటించాను. నన్ను నమ్మాడనే అనుకున్నాను. నమ్మకంతోనే చెప్పడం లేదనుకున్నాను. ఈవేళ కాకపోతే రేపు నిజం చెప్పేస్తాను, అప్పుడు అన్నీ రాసుకుంటాను అని ప్రతిరోజూ అనుకున్నాను. డైరీలో ఆ నెల పేజీలన్నీ ఖాళీ. వాటి మీద కుట్టు పక్కన ఆయన వేలిముద్రలు మాత్రం ఉన్నాయి.

గంగాళాలను తర్వాత ఎవరో కొనుక్కుపోయారు. వాడలో వాళ్లు ఇప్పుడు ఎర్ర నూలు వేరే ఊరి నుంచి తెప్పించుకుంటున్నారు. అంచులు చూస్తాను. మంచి ఎరుపే. మా ఎరుపు కాదు.

చివరి వారంలో ఒక పొద్దున అవ్వ బావికి పోయింది. బాపు మందు వేసుకోవాల్సిన వేళ. ఒక గ్లాసులో బార్లీ నీళ్లు, ఇంకో గ్లాసులో మామూలు నీళ్లు తెచ్చి, మంచం పక్క గోడ మీద పెట్టాను. ఎండ అప్పుడే గోడ దిగుతోంది. రెండు గ్లాసుల్లోంచి వెలుతురు ఆయన చేతి మీద పడింది. నెల నుంచి పని లేక ఆ చేయి రంగు కొంచెం వెలిసింది. బాపు గ్లాసుల వైపు చూశాడు. అటుదీ ఇటుదీ చూశాడు. దగ్గరికి రమ్మని వేలితో సైగ చేశాడు. వంగాను. ఆ మధ్యాహ్నం నుంచి ఆయనకు మాట పడిపోయింది, మూడో రోజు పోయాడు. నాతో అన్న ఆఖరి మాట ఇదే. నవ్వుతూనే అన్నాడు.

"చిన్నప్పుడు గూడ గిట్లనే జేసినవు బిడ్డా. ఒక్క నీళ్లే రెండు గ్లాసులల్ల పోసినవు."